వద్దనుకున్న సెంటు మధ్యాహ్నానికి నచ్చింది, ఒంటి మీద నిలవాలంటే ఏం చేయాలి?

ప్రశ్న (తిరుపతి నుంచి)

అందరికీ నమస్కారం. నాకు సెంట్ల గురించి పెద్దగా తెలియదు, ఇన్నాళ్లూ మల్లె వాసనో గులాబీ వాసనో ఉన్నవే కొన్నాను. పోయిన నెల మా చిన్నాన్న బెంగళూరు నుంచి వస్తూ ఒక చిన్న సాంపిల్ బుడ్డి తెచ్చిచ్చాడు, 5 మి.లీ. ఉంటుంది. లాలిక్ కంపెనీ వాళ్ల ఎంక్ర్ నోయిర్, మగవాళ్ల సెంటంట. కాగితం మీద కొట్టి చూస్తే తడిసిన మట్టి, ఎన్నాళ్లుగానో మూసి ఉంచిన పాత బీరువా, ఏదో ఘాటైన మందు, అన్నీ కలిసిన వాసన వచ్చింది. తలనొప్పి వస్తుందని భయపడి పక్కన పెట్టేశాను.

మొన్న చంద్రగిరిలో పెళ్లికి పోతుంటే నా సెంటు అయిపోయింది, వేరే దారి లేక దీన్నే మణికట్టు మీద ఒకసారి కొట్టుకున్నా. ఆటోలో ఉన్నంతసేపూ పొరపాటు చేశాననే అనిపించింది. భోజనాలయ్యాక మండపంలో కూర్చుని ఉంటే, మా అవ్వ ఎండాకాలంలో మట్టికుండలో వట్టివేళ్ల మూట వేసి పెట్టేది, మూత తీసి చెంబు ముంచగానే వచ్చే వాసన, అచ్చం అదే! ఎక్కడి నుంచి వస్తోందా అని చుట్టూ చూశాను, చివరికి చూస్తే నా చెయ్యే. అవ్వ పోయి ఆరేళ్లయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఇప్పుడు నా సందేహాలు. మూడు నాలుగు గంటలయ్యేసరికి చేతి మీద వాసన నాకు తెలియడం లేదు, కానీ చున్నీకి మర్నాడు కూడా ఉంది, ఎందుకు? మా ఆయన కొట్టుకుంటే ఘాటు తప్ప వట్టివేరు వాసనే రాలేదు. ఇది ఆడవాళ్లు వాడొచ్చా? మన ఊరి ఎండలో ఎలా వాడాలి?

జవాబు (చిత్తూరు నుంచి)

చెల్లెమ్మా, నువ్వు గుర్తుపట్టింది నూటికి నూరు శాతం నిజం. ఆ సెంటులో అసలు సరుకు వట్టివేరే. 2006లో వచ్చింది, నతాలీ లోర్సన్ అనే ఆవిడ తయారుచేసింది. ఫ్రెంచి భాషలో ఆ పేరుకు నల్ల సిరా అని అర్థం. పైన సైప్రస్ చెట్టు ఘాటు ఉంటుంది, నువ్వు మందు వాసన అన్నది అదే అయ్యుంటుంది, అడుగున వేరు.

వాసన విడివిడిగా రావడానికి కారణం తేలికే. సెంటులో తేలికైనవి ముందు ఆవిరైపోతాయి, నిమ్మ, నారింజ లాంటివైతే పావుగంటా అరగంటలోనే సగం పోతాయి. వేళ్లవీ, చెక్కవీ, జిగురువీ బరువైనవి, మెల్లగా లేస్తాయి, గంటల తరబడి ఉంటాయి. కాగితానికి ఒంటి వెచ్చదనం లేదు, చర్మానికి ఉండే జిడ్డు లేదు, అందుకే దాని మీద ఒకలా, ఒంటి మీద ఒకలా తెలుస్తుంది. కాగితం మీద చూసి ఏ సెంటునూ వద్దనుకోకూడదని నేను గట్టిగా నమ్ముతాను, కనీసం మధ్యాహ్నం దాకా చేతి మీద ఉంచుకుని చూడాలి.

మూడు గంటలకే పోయిందనుకుంటున్నావు కదా, సగం అది నీ ముక్కు పని. ఒకే వాసన ఎంతసేపూ తగులుతుంటే ముక్కు దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది, అగరబత్తీలు తయారుచేసే చోట పనిచేసేవాళ్లను అడిగి చూడు. మళ్లీ కొట్టుకునే ముందు ఇంట్లో ఎవరినైనా వాసన వస్తోందా అని అడుగు, లేకపోతే నీకు తెలియకుండానే పక్కవాళ్లకు ఎక్కువైపోతుంది. మిగతా సగం చర్మం. పొడి చర్మం మీద సెంటు తొందరగా పోతుంది. స్నానం చేసి ఒళ్లు తుడుచుకున్నాక వాసన లేని క్రీమో, కొంచెం వ్యాసలీనో పూసి దాని మీద కొట్టుకుంటే చాలాసేపు ఉంటుంది. కొబ్బరినూనె వద్దు, దాని వాసన దానిది. కొట్టుకున్నాక రెండు మణికట్లూ రుద్దుకునే అలవాటు చాలామందికి ఉంది, అది మానెయ్, అలాగే ఆరనివ్వు.

బట్టకు ఒంటి వేడి అంతగా తగలదు కాబట్టి దాని మీద మెల్లగా ఆవిరవుతుంది, అందుకే చున్నీకి మర్నాడూ ఉంది. కానీ పట్టుచీర మీద మాత్రం ఎప్పుడూ కొట్టొద్దు, మరక పడితే పోదు. నూలు బట్టకైతే లోపలి వైపు, జానెడు దూరం నుంచి.

మీ ఆయన ఎలా కొట్టుకున్నాడో నువ్వు చెప్పలేదు, డియోడరెంటు మీద దీన్ని కొట్టుకున్నాడా? రెండు వాసనలు కలిస్తే ఏదీ సరిగా తెలియదు. పైగా పది నిమిషాల్లో వాసన చూసి ఉంటాడు, అప్పటికి వేరు పైకి రాదు.

మగవాళ్లది, ఆడవాళ్లది అనేది అట్టపెట్టె మీద ముచ్చట. మీ అవ్వ కుండ నీళ్లు ఇంట్లో అందరూ తాగారు కదమ్మా.

జవాబు (శ్రీకాళహస్తి నుంచి)

అక్కా, వట్టివేరు అంత నచ్చితే ఖస్ అత్తరు కూడా చూడండి. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో రాగి డేగీసాల్లో వేళ్లను నీళ్లతో కాచి ఆవిరిని పట్టి తీస్తారు, రాగి వల్లే ఆ నూనెకు ఆకుపచ్చ రంగు వస్తుంది. ఆల్కహాల్ ఉండదు, ఒక్క చుక్క చాలు, కానీ అసలుది ఖరీదు. మరీ చవగ్గా ఇస్తున్నారంటే అది రంగు నూనె అనుకోండి.

కొనేటప్పుడు జాగ్రత్త. ఒక దుకాణంలో నాకు ఎర్రచందనం అత్తరు అని అంటగట్టారు, శేషాచలం చెక్క నుంచి తీసిందని కథ కూడా చెప్పారు. ఎర్రచందనం చెక్కకు చెప్పుకోదగ్గ వాసనే ఉండదు, దాని విలువంతా రంగుకూ చెక్కకూ. వాసన ఉండేది శ్రీగంధానికి, అది వేరే చెట్టు. మన కొండల పక్కనే పుట్టి పెరిగి కూడా ఆ రోజు నాకు ఆ సంగతి గుర్తురాలేదు, డబ్బులు పోయాయని చాలా బాధపడ్డాను.

జవాబు (తిరుపతి, అలిపిరి దగ్గర నుంచి)

ఎండ గురించి ఒక మాట. మెడకు, చేతికి కొట్టుకుని నేరుగా ఎండలోకి పోవద్దు. నిమ్మజాతి నూనెలు కొన్నిటికి ఎండ తగిలితే చర్మం మీద నల్ల మచ్చలు పడతాయి, ముఖ్యంగా బెర్గమాట్‌తో. బట్ట కప్పే చోట, ఛాతీ మీదో మోచేతి మడత లోపలో కొట్టుకోండి. మొదటిసారైతే ఒక్క చుక్క పెట్టి మర్నాటిదాకా దురద, దద్దుర్లు రాలేదని చూసుకోండి. బుడ్డిని బండి డిక్కీలో, కిటికీ దగ్గర పెట్టొద్దు, మన మే నెలకు పాడైపోతుంది, బీరువాలో చీకట్లో ఉంచండి.

కొండకు పోయే రోజు మాత్రం నా సలహా ఏమీ వద్దనే. తిరుమలలో మనం పూలే పెట్టుకోము, అన్నీ స్వామివే. పైగా మెట్ల దారిలో 3,550 మెట్లు ఎక్కేసరికి పట్టే చెమటలో సెంటు కలిస్తే క్యూలో పక్కవాళ్లకు ఊపిరాడదు.

మీకు మొదట నచ్చలేదన్నారు చూడండి, నాకు పునుగు గుర్తొచ్చింది. శుక్రవారం అభిషేకం తర్వాత స్వామివారికి పూసే పునుగు తైలం పునుగు పిల్లి నుంచి వచ్చేదే. పచ్చిగా ముక్కు దగ్గర పెట్టుకుంటే భరించలేం, చాలా కొద్దిగా కలిపితేనే పరిమళం. ఫ్రెంచివాళ్లు కూడా పాతకాలం సెంట్లలో వాసన నిలవడానికి పునుగు వాడేవాళ్లు, ఇప్పుడు ఎక్కువగా రసాయనంతో చేసినదే.

అడిగినవారు మళ్లీ

అందరికీ చాలా థాంక్స్. చిత్తూరు అన్నయ్య చెప్పింది నిజమే, మా ఆయన డియోడరెంటు మీదే కొట్టుకున్నాడు. నిన్న ఆదివారం స్నానం అయ్యాక ఏమీ పూయకుండా ఆయన చేతి మీద ఒక్కసారి కొట్టాను. పదకొండింటికి ఘాటే, ఒంటిగంటకు కొంచెం తగ్గింది, మూడింటికి ఆయనే వచ్చి చెయ్యి నా ముక్కు దగ్గర పెట్టి ఇదేనా మీ అవ్వ కుండ అన్నాడు. నేను ఉదయం వ్యాసలీన్ పూసి కొట్టుకుంటే సాయంత్రం ఆరింటికి మా పాప దగ్గరికొచ్చి అమ్మా మట్టి వాసన వస్తోంది అంది, నాకైతే అప్పటికి ఏమీ తెలియడం లేదు.

పెద్ద సీసా ఇప్పుడే కొనను. బుడ్డిలో ఇంకా సగం ఉంది, రోహిణి కార్తె ఎండలో ఎలా ఉంటుందో చూసి చెప్తాను. ఈలోగా మట్టికుండ ఒకటి తెచ్చాం, వట్టివేళ్లు కూడా.