మోకాళ్ళ ఆపరేషన్ తర్వాత కుర్చీలో నమాజు, సజ్దా ఎలా చేయాలి?

అస్సలాము అలైకుమ్ అందరికీ. మాది కర్నూలు. మా అమ్మీకి మోకాళ్ళ ఆపరేషన్ అయింది, కింద కూర్చోవద్దని డాక్టర్ గట్టిగానే చెప్పారు, అందుకే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని నమాజు చేస్తోంది. నిలబడలేకపోతే కూర్చుని, అదీ కుదరకపోతే పక్కకి పడుకుని చేయమని సహాబీ (ప్రవక్త సహచరుడు) ఇమ్రాన్ బిన్ హుసైన్ గారికి ప్రవక్త (స) చెప్పిన హదీసు ఉంది కదా, అది చెప్పినా వినదు. నుదురు నేలకి తగలకపోతే అదేం సజ్దా అంటది. దాసుడు అల్లాహ్‌కి అన్నిటికన్నా దగ్గరయ్యేది సజ్దాలోనే అని చిన్నప్పుడు మాకు నేర్పింది ఆమే మరి, ఏం చెప్తాం.

ఇప్పుడు నా డౌట్ ఏంటంటే తను కాసేపు నిలబడగలదు, మరి ఖియామ్ (నమాజులో నిలబడే భాగం) వరకు నిలబడి చేసి రుకూ (నడుము వంచడం), సజ్దాలకి మాత్రం కుర్చీలో కూర్చోవాలా లేక మొత్తం కూర్చునే చేయొచ్చా? రుకూకి కొంచెం, సజ్దాకి ఇంకాస్త ఎక్కువ వంగాలని తెలుసు, కానీ తనేమో ముందు స్టూల్ పెట్టుకుని దాని మీద దిండు వేసి నుదురు ఆనిస్తోంది, అది అవసరమా? మా వీధిలో ఒక్కొక్కరు ఒక్కోటి చెప్తున్నారు. మేం పాటించే హనఫీ పద్ధతి (ఇస్లాం ధర్మశాస్త్రంలో ఒక సంప్రదాయం) బాగా తెలిసినవాళ్ళు, ఇంట్లో పెద్దవాళ్ళకి ఇలాగే అయినవాళ్ళు కాస్త చెప్పండి ప్లీజ్.