బీటీ పత్తిని తట్టుకునే గులాబీ రంగు కాయతొలిచే పురుగు గుజరాత్ నుంచి వచ్చిందా, మన చేలలోనే పుట్టిందా?

వరంగల్ పత్తి రైతు:
మా ఊళ్లో అందరిదీ ఒకటే మాట, ఇది గుజరాత్ పురుగని. అమ్రేలీ వైపు చేలలో మొదట బయటపడింది నిజమే. లారీల్లో, జిన్నింగు మిల్లుల గింజల్లో పురుగు ఊళ్లు దాటుతుంది. కణంలో వేరుగా ఉండే మైటోకాండ్రియా జన్యువులు పరీక్షించినవాళ్లు కూడా దేశమంతటా ఈ పురుగులో తేడాలు తక్కువేనన్నారు. అంతా ఒకే మంద అయితే మా ఒక్క ఊరు జాగ్రత్తపడి ఏం లాభం?

కీటకశాస్త్రం చదివినవాడు:
అన్నా, మైటోకాండ్రియా తల్లి వైపు వంశం ఒక్కటే చెబుతుంది. బీటీకి చావాలా, బతకాలా అని తేల్చే జన్యువు అందులో లేదు. బీటీ పత్తి మొక్కే తయారుచేసే క్రై1ఏసీ విషం పురుగు పేగులోని కాడెరిన్ అనే ప్రోటీన్‌కు అంటుకోవాలి, అప్పుడే పురుగు చస్తుంది. మన దేశపు పురుగుల్లో ఆ జన్యువు ఎనిమిది వేర్వేరు తీరుల్లో చెడిపోయి దొరికింది. అమెరికాలోని అరిజోనా పురుగుల్లో ముందే దొరికినవి వేరు. ఒక్క పురుగు సంతానమే అంతటా పాకితే ఇన్ని రకాలెందుకుంటాయి? 2002లో బీటీ పత్తి వచ్చినప్పటి నుంచి ఏటేటా అదే విషంతో జల్లెడ పట్టి, తట్టుకున్న పురుగులనే మనం మిగిల్చాం.

వరంగల్ పత్తి రైతు:
ఎనిమిది రకాలైనా లారీ ఎక్కుతాయి కదా తమ్ముడూ?

కీటకశాస్త్రం చదివినవాడు:
ఎక్కుతాయి. కానీ చెడిన జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ వస్తేనే పురుగు తట్టుకుంటుంది, ఒక్కరి నుంచే వస్తే చస్తుంది. అంటే బయటి రెక్కల పురుగు వచ్చినా, మన నాన్‌బీటీ మొక్కల మీద పెరిగిన దానితో జతకడితే పిల్లలు బీటీ మీద బతకవు. బీటీ విత్తనాల ప్యాకెట్‌తో నాన్‌బీటీ గింజలు ఇచ్చింది అందుకే. ఎంతమందిమి వేశాం? చుట్టూ కంది వేశామంటే చాలదు. కంది మీద శనగపచ్చ పురుగు పెరుగుతుంది, గులాబీ పురుగుకు దాదాపు పత్తే దిక్కు. అరిజోనాలో రైతులు నాన్‌బీటీ వేశారు, 2006 నుంచి గొడ్డు చేసిన రెక్కల పురుగులను విమానాల నుంచి వదిలారు. 2018లో అమెరికా పత్తి చేలలో ఈ పురుగు లేదని ప్రకటించారు. మన దగ్గర రెండు విషాలున్న బీటీ పత్తి బోల్‌గార్డ్-2 కూడా ఓడిపోయింది, ఆలస్యమైంది, ఒప్పుకుంటా. ఇప్పుడైనా డిసెంబరుకల్లా పంట ముగించి పత్తి కట్టె తీసేయాలి.

వరంగల్ పత్తి రైతు:
నీళ్లున్నవాడు జనవరి, ఫిబ్రవరి ఏరుళ్లు వదులుకోడు. నేను వదిలినా పక్క చేను ఉంటే ఆ పురుగు మళ్లీ నా మీదికే. ఆ ఏరుళ్ల నష్టం ఎవరు కడతారో తేలనీ, ఊరిని నేను ఒప్పిస్తా.