వాగ్మితలో "మితం" ఉందా? మితవాది అంటే ఎవరు?

తెల్లకాగితం:
ఎవరైనా మాట సాగదీస్తే మా తాతగారు ఒక శ్లోకపాదం అనేవారు. "మితం చ సారం చ" వరకే గుర్తుంది. చివర్లో మళ్లీ "మితా" అని వచ్చేది. అమెరికా అబార్షన్ తీర్పు మీద పాత వార్తలు తిరగేస్తుంటే గుర్తొచ్చింది. అబార్షన్‌ను హక్కుగా ఒప్పుకున్న 1973 నాటి రో తీర్పును 2022 జూన్‌లో కొట్టేసిన జడ్జిలను తెలుగులో "మితవాద న్యాయమూర్తులు" అని రాశారు. 49 ఏళ్ల హక్కును ఒక్కదెబ్బకి తీసేయడం మితం ఎలా అవుతుంది? "అతి మితవాదులు" అన్న మాటైతే నాకు అసలు మింగుడు పడలేదు.

కృష్ణాతీరం:
శ్రీహర్షుడు సంస్కృతంలో రాసిన నలదమయంతుల కావ్యం నైషధం, తొమ్మిదో సర్గ. దూతగా వెళ్లిన నలుడు దమయంతితో అంటాడు: "గరౌ గిరః పల్లవనార్థలాఘవే, మితం చ సారం చ వచో హి వాగ్మితా". మాటకి రెండు విషాలు: సాగదీయడం, సరుకు లేకపోవడం. మితంగా, సారంతో మాట్లాడటమే వాగ్మిత, అంటే మాటనేర్పు. వాక్కు, మిత కలిస్తే వాగ్మిత. తూచి మాట్లాడేవాడే మితవాది.

సంధిసూత్రం:
మన్నించాలి, వాగ్మితలో మితం లేదు. "వాచో గ్మినిః" అని పాణిని సూత్రం. ఆ "మి" ప్రత్యయంలోది, "తా" భావార్థంలో వచ్చింది. అసలు రెండు గకారాలతో "వాగ్గ్మి" అని రాయాలి. మీరన్నట్టు సంధి చేస్తే "వాఙ్మిత" అవుతుంది.

కృష్ణాతీరం:
ఆ అనునాసికం వైకల్పికం కదండీ, "వాగ్మిత" కూడా సాధువే. అయినా పాదాన్ని "మితం"తో మొదలుపెట్టి "మితా"తో ముగించినవాడు శ్రీహర్షుడు. పదమూడో సర్గలో ఒకే శ్లోకానికి అయిదుగురు నలుల (నలుడూ, అతని రూపంలో వచ్చిన నలుగురు దేవతలూ) అర్థాలు తెచ్చినవాడికి ఇది తెలియకుండా పడిందంటే నేను నమ్మను.

పాతపత్రిక:
మితవాది సంగతి చెప్తాను. 1907లో సూరత్‌లో కాంగ్రెస్ చీలినప్పుడు గోఖలే పక్షం మితవాదులు, తిలక్ పక్షం అతివాదులు. అక్కడ మాట సరిగ్గా అతికింది. తర్వాత కమ్యూనిస్టు పార్టీల్లో "మితవాద అవకాశవాదం" అనే నింద వచ్చింది. పార్టీ లోపల కుడికి జరగడమంటే పోరాటం తగ్గించడమే కాబట్టి అక్కడా సరిపోయింది. అదే మాటను పత్రికలు లోకంలోని కుడిపక్షాలన్నిటికీ వాడేయడంతో "అతి మితవాదం" పుట్టిందని నా ఊహ. నష్టం ఎవరికంటే, నిజంగా మధ్యలో నిలబడ్డవాడికి. ఆ 2022 తీర్పులోనే చూడండి. మిసిసిపీ పెట్టిన 15 వారాల గడువు చెల్లుతుందని ఆరుగురన్నారు. రోను పూర్తిగా కొట్టేయాలన్నది అయిదుగురే. గడువును ఒప్పుకుంటూనే రోను అంతదూరం కదపక్కర్లేదని చీఫ్ జస్టిస్ రాబర్ట్స్ విడిగా రాశారు. ఆయనతో ఒక్కరూ కలవలేదు. మరి ఆయన్ని తెలుగులో ఏమనాలి?

ప్రవాసి:
నేను టెక్సస్‌లో ఉంటాను. రెండోసారి నెల తప్పినప్పుడు నర్సు పాత వివరాలు అడిగింది. మనవైపు అనుకునేట్టే "ఇండియాలో ఒక అబార్షన్ అయింది" అని ఇంగ్లీషులో చెప్పాను. కీబోర్డు మీద ఆమె వేళ్లు ఆగిపోయాయి. తలుపు వైపు చూసి, గొంతు తగ్గించి, "చేయించుకున్నారా, దానంతటదే పోయిందా?" అని అడిగింది. మూడో నెలలో పోయిన బిడ్డ అది. ఇంటికొచ్చేదాకా టెన్షన్ తగ్గలేదు. తెలుగులో "అయింది", "చేయించుకుంది" అన్న క్రియలోనే అంతా తెలిసిపోతుంది. నేను ఆ క్రియను ఇంగ్లీషులోకి తీసుకెళ్లలేకపోయాను.

ఇక్కడ మనవాళ్లు నలుగురు కలిస్తే ఒకరు హత్య అంటారు, ఇంకొకరు ఏ నెలైనా ఆమె ఇష్టం అంటారు. మొదటి నెలల్లో ఆమె ఇష్టం, ఆ తర్వాత కారణం చూడాలి అనేది నా మాట. మన 1971 చట్టం డాక్టరు అభిప్రాయం మీద 20 వారాల దాకా ఒప్పుకుంది, 2021 సవరణ కొందరికి 24 చేసింది. నాకు అలాంటి దారే నచ్చుతుంది. కానీ నన్ను నేను మితవాదినంటే, రోజూ తెలుగు పేపరు చదివే మా నాన్న నన్ను కుడిపక్షంలో లెక్కేస్తారు.

సంధిసూత్రం:
మీ మాట చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయానమ్మా. పత్రికలు రెంటికీ "గర్భస్రావం" అనే రాయడం నాకు ఎప్పటినుంచో బాధ. స్రావం దానంతటదే జరిగేది. చేయించుకున్నదానికి "గర్భవిచ్ఛిత్తి" ఉండనే ఉంది. రాబర్ట్స్‌ని "మధ్యేవాది" అనొచ్చు. వాగ్మితలో మాత్రం మితం లేదు.

తెల్లకాగితం:
మధ్యేవాది అంటే ఎటూ తేల్చనివాడిలా వినిపించదూ? ఆయన తేల్చే రాశారు కదా.

కృష్ణాతీరం:
ఆ తూకానికి మళ్లీ నలుడి పాదమే కావాలి. శ్రీనాథుడు దాన్నెలా తెలుగు చేశాడో చూడాలి. సంస్కృత పదాలకి తెలుగు ప్రత్యయాలు తగిలించాడంతేనని, "మీ డుమువులు మీరు తీసుకుని మా నైషధం మాకిచ్చేయండి" అని పండితులు ఆయన్ని ఎత్తిపొడిచారన్న కథ అందరికీ తెలిసిందే. నాకు మాత్రం ఆయన సీసం ఎత్తుకున్నాడంటే మూలం మరుగున పడుతుంది. రేపు పొద్దున ఆ పద్యం తీసి ఇక్కడ పెడతాను. ఆ "మితా" దగ్గర ఆయన ఏ మాట వేశాడో అందరం కలిసి చూద్దాం.