రొయ్యల ప్లాంట్లకి విదేశీ సర్టిఫికెట్లు: కూలీకి ఒరిగిందేంటి?

గోదారి గట్టు:
మా భీమవరం, నర్సాపురం, కాకినాడ వైపు ఎక్స్‌పోర్ట్ రొయ్యల ప్లాంట్లలో బీఏపీ, ఏఎస్‌సీ (రెండూ చెరువు సాగు పద్ధతిగా జరిగిందని చెప్పేవి), ఎస్‌ఏ 8000 (కూలీల్ని సరిగా చూస్తున్నారని చెప్పేది) లాంటి సర్టిఫికెట్ల మాట రోజూ వినిపిస్తుంది. బీఏపీలో నాలుగు స్టార్లు వచ్చాయంటే హేచరీ, మేత ఫ్యాక్టరీ, చెరువు, ప్రాసెసింగ్ ప్లాంటు అన్నీ పాసైనట్టు లెక్క. నేను ఒక ప్లాంట్‌లో క్వాలిటీ సెక్షన్‌లో కొన్నేళ్లు చేశా, పేరు చెప్పను. ఆడిటర్ వచ్చే తారీకు ముందే తెలిసిపోతుంది, ఆ వారం కొత్త గ్లౌజులు, కొత్త గమ్ బూట్లు వస్తాయి, ఫస్ట్ ఎయిడ్ డబ్బా నిండుతుంది, మేస్త్రీ వచ్చి ఎవరన్నా అడిగితే ఎనిమిది గంటలే పని అని చెప్పండమ్మా అని చెప్పి పోతాడు. ఒలిచే ఆడవాళ్ళకి కేజీల లెక్కన కూలి, పొద్దస్తమానం ఐసు నీళ్ళలో చేతులు నానబెట్టి వేళ్ళ సందుల్లో చర్మం ఒరుసుకుపోయి ఎర్రగా ఉంటుంది, ఆ చేతులు చూపించమని అడిగిన ఆడిటర్ నాకు తగల్లేదు. ఈ పద్ధతి ఇలాగే ఉన్నంతకాలం కూలీకి ఏం ఒరగదని నేనంటా. కాదనేవాళ్ళు చెప్పండి.

చెరువు రైతు:
ఏమండీ, మీరు ప్లాంట్ లోపల సంగతి చెప్పారు, చెరువు గట్టు సంగతి నేను చెప్తా. 2009లో వనామీ రకం రొయ్యకి పర్మిషన్ వచ్చాక అందరం ఎగబడ్డాం, జబ్బు రాగానే షాపువాడు ఏ మందు ఇస్తే అది కొట్టేవాళ్ళు చాలామంది. నిషేధించిన యాంటీబయాటిక్ దొరికిందని కంటైనర్లు వెనక్కొచ్చాయి, యూరప్ వాళ్ళయితే 2016లో మన సరుకు మీద టెస్టులు 10 శాతం నుంచి 50 శాతానికి పెంచేశారు. ఆ దెబ్బకి, ఈ సర్టిఫికెట్ల వత్తిడికి మా చుట్టుపక్కల మందుల వాడకం తగ్గిందండి, అది కాదనలేం. కానీ రికార్డు బుక్కు రాసేది మేము, వాటర్ టెస్టులకి డబ్బు పెట్టేది మేము, సర్టిఫికెట్ ప్లాంట్ వాడికి పనికొస్తుంది, పట్టుబడి రోజు 100 కౌంట్ (కేజీకి వంద రొయ్యలు) రేటు మాత్రం అదే. కాకినాడలో ఉన్న నాక్సా (రొయ్య రైతుల కోసం పెట్టిన కేంద్ర ప్రభుత్వ సంస్థ) వాళ్ళు చిన్న రైతుల్ని సొసైటీలుగా కలిపారు కదా, అలా గ్రూపు మీద సర్టిఫికెట్ ఇస్తే మాలాంటోళ్ళు తట్టుకోగలరు.

లెక్కల మాస్టారు:
విదేశీ వాళ్ళ దాకా ఎందుకు, మన కంపెనీల చట్టం 2013లో సెక్షన్ 135 ఉంది కదా. నెట్‌వర్త్ 500 కోట్లు గానీ టర్నోవర్ 1000 కోట్లు గానీ నికర లాభం 5 కోట్లు గానీ దాటితే గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సీఎస్‌ఆర్‌కి, అంటే సామాజిక బాధ్యత పనులకి, ఖర్చు పెట్టాల్సిందే. దాన్ని గట్టిగా అమలు చేస్తే చాలు.

గోదారి గట్టు:
మాస్టారూ, ఆ రూల్సు మళ్ళీ చదవండి. సొంత ఉద్యోగుల కోసమే పెట్టే ఖర్చు సీఎస్‌ఆర్ లెక్కలోకి రాదు. ఊళ్ళో బడికి బెంచీలు, వాటర్ ప్లాంటు ఇస్తే వస్తుంది. మంచిదే, కాదనను. కానీ డబ్బు ఎలా సంపాదించారనేది ఆ చట్టం అడగదు, సంపాదించాక ఎంత ఇచ్చారనేదే అడుగుతుంది. షేర్ మార్కెట్‌ని చూసే సెబీ పెట్టిన బీఆర్‌ఎస్‌ఆర్ రిపోర్టు (కంపెనీ ఉద్యోగుల్ని, పర్యావరణాన్ని ఎలా చూస్తుందో చెప్పేది) కొంత అడుగుతుంది గానీ అది తప్పనిసరైంది టాప్ 1000 లిస్టెడ్ కంపెనీలకి, మన ప్లాంట్లలో లిస్టయినవి ఎన్నున్నాయి?

అట్లాంటా అక్క:
నేను ఇక్కడ అమెరికాలో సీఫుడ్ కొనే కంపెనీలో పని చేస్తా. ఆడిట్లు నాటకమే అని తీసిపారేయడం నాకు నచ్చలేదు. వలస కూలీల హాస్టల్లో మంచాలు సరిపోవట్లేదని మా ఆడిట్‌లోనే బయటపడింది, ఆర్డర్ ఆపుతామంటే నెల తిరక్కుండా కొత్తవి వేయించారు. అసలు ఆడిటే లేకపోతే ఆ గేటు లోపలికి అడుగు పెట్టేదెవరు తమ్ముడూ?

గోదారి గట్టు:
అక్కా, మీరు ఆర్డర్ ఆపుతామన్నారు కాబట్టి మంచాలు వచ్చాయి, సర్టిఫికెట్ వల్ల కాదు. 2012 సెప్టెంబర్‌లో కరాచీలో అలీ ఎంటర్‌ప్రైజెస్ అనే గార్మెంట్ ఫ్యాక్టరీ తగలబడి 250 మందికి పైగా చనిపోయారు, దానికి కొన్ని వారాల ముందే ఎస్‌ఏ 8000 సర్టిఫికెట్ వచ్చింది. మరుసటేడు ఏప్రిల్‌లో ఢాకా దగ్గర రానా ప్లాజా కూలి 1,100 మందికి పైగా పోయారు, అందులోని ఫ్యాక్టరీలకీ సోషల్ ఆడిట్లు (కూలీల పని పరిస్థితుల తనిఖీలు) జరిగాయి. ఆ తర్వాతే బంగ్లాదేశ్ అకార్డ్ వచ్చింది, బ్రాండ్లూ యూనియన్లూ కలిసి సంతకం పెట్టిన ఒప్పందం, కోర్టులో నిలబడేది. ఇన్‌స్పెక్షన్ రిపోర్టులు బయటపెట్టాలి, రిపేర్లకి డబ్బు సర్దుబాటయ్యేలా కొనేవాడే చూడాలి, మాట తప్పితే యూనియన్లు కేసు వేయొచ్చు. వేశాయి కూడా, 2018లో ఒక బ్రాండు 23 లక్షల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. రొయ్యలకి నేనడిగేది అదే.

చెరువు రైతు:
బాగానే ఉంది గానీ గట్టు గారూ, అంత బిగిస్తే కొనేవాడు రొయ్యలమ్మే ఈక్వెడార్ పోడా? అప్పుడు కూలీ లేదు, రైతూ లేడు. ఇప్పటికే మేత రేట్లు, కరెంటు బిల్లులతో చచ్చిపోతున్నాం.

గోదారి గట్టు:
మీ భయం నిజమే అండి, తేలిగ్గా తీసుకోను. కానీ బంగ్లాదేశ్‌లో అప్పుడు ఇదే భయం ఉండేది, అకార్డ్ వచ్చాక వాళ్ళ బట్టల ఎగుమతులు పెరిగాయే గానీ తగ్గలేదు. 200కి పైగా బ్రాండ్లు కలిసి సంతకం పెట్టాయి కాబట్టి ఒక్కడు తప్పించుకుని పక్కవాడి దగ్గరికి పోయే దారి తగ్గింది, ఇక్కడా ఒక్క ప్లాంట్‌నో ఒక్క రైతునో పట్టుకుంటే కుదరదు. ఖర్చు కూడా రేటులోనే కలిపి కొనేవాడు ఇవ్వాలని అందులో రాయాలి, లేకపోతే మీరన్నట్టు అది చెరువు మీదకే వచ్చి పడుద్ది. అక్కా, ఇలాంటి కాగితం ముందు పెడితే మీ కంపెనీ సంతకం పెడుతుందా?

అట్లాంటా అక్క:
ఒంటరిగా అయితే పెట్టదు, ఆ మాట ఇప్పుడే చెప్పేస్తా. నలుగురు పెద్ద కొనుగోలుదారులు కలిసొస్తే మా లీగల్ వాళ్ళు కూర్చుంటారు. ముందు చెప్పకుండా ఆడిట్‌కి రావడం, ఒలిచే ఆడవాళ్ళతో మేస్త్రీ లేకుండా ప్లాంట్ బయట మాట్లాడటం, ఈ రెండూ మా కాంట్రాక్టులో చేర్చమని వచ్చే రెన్యువల్‌లో నేనే అడుగుతా. రేటు సంగతి కొనుగోలు టీమ్ చేతిలో ఉంటుంది, వాళ్ళని ఒప్పించాలంటే ఆడిట్ కోసం రైతుకి ఎకరానికి ఎంతవుతుందో లెక్క కావాలి. రైతు గారూ, మీ సొసైటీ లెక్క ఉంటే ఇక్కడే పెట్టండి.