రిసీవర్ సెల్స్ వెలగట్లేదు, ఎవరైనా చెప్పండి ప్లీజ్

సుధ_బయోటెక్: మూడు రోజులుగా ఇదే గొడవ, ఇప్పుడు రాత్రి పదకొండున్నర, ఇంకా ల్యాబ్‌లోనే ఉన్నాను. రెండు ఈ.కోలై బ్యాక్టీరియా స్ట్రెయిన్లు: ఒకటి (సెండర్) లక్స్‌-ఐ అనే ఎంజైమ్‌తో ఏహెచ్ఎల్ అనే సిగ్నల్ అణువు తయారు చేయాలి, రెండోది (రిసీవర్) లక్స్‌-ఆర్ అనే ప్రోటీన్‌తో దాన్ని పట్టుకుని జీఎఫ్‌పీ అనే పచ్చగా మెరిసే ప్రోటీన్‌ని వెలిగించాలి. కొన్న ఏహెచ్ఎల్ పోస్తే రిసీవర్ బ్రహ్మాండంగా వెలుగుతోంది. సెండర్‌ని రాత్రంతా పెంచి, సెల్స్ తీసేశాక మిగిలే ద్రవం (సూపర్‌నేటెంట్) పోస్తే మాత్రం చీకటే. సీక్వెన్సింగ్‌లో తప్పేం లేదు. వచ్చేవారం సెల్స్‌ని చంపే కిల్ జీన్ పెట్టి జనాభా కట్టడి చేసే సర్క్యూట్ మొదలుపెట్టాలి, ఒకటే టెన్షన్.

అగార్‌ప్లేట్: సెల్స్ పెంచే మీడియం ఏది? పీహెచ్ ఎంత?

పాత_మాస్టారు: అమ్మా, ముందు మాట సరిచూసుకోండి, దీన్ని కోరం సెన్సింగ్ అనకండి. ఒక జాతి తన గుంపు ఎంతుందో తానే పసిగడితే అది కోరం. మీదాంట్లో ఒకరు చెబుతారు, ఇంకొకరు వింటారు, అంతే. 1970లో నీల్సన్, హేస్టింగ్స్ వాళ్లు వెలిగే విబ్రియో బ్యాక్టీరియాలో చూసినప్పుడు ఆటోఇండక్షన్ అన్నారు, కోరం అన్న మాట 1994లో వచ్చింది.

విబ్రియో_వాణి: ఆవిడ కోరం అననే లేదు కదా మాస్టారూ. ఆ మాట మీదే తగువుంది, 2002లో రెడ్‌ఫీల్డ్ గారు డిఫ్యూజన్ సెన్సింగ్ (తాను వదిలింది ఎంత త్వరగా చెదిరిపోతుందో సెల్ పసిగట్టడం) అనాలన్నారు.

హేచరీ_భీమవరం: మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. లైట్లు ఆర్పాక ట్యాంకులో రొయ్యపిల్ల మెరిసిందంటే మాకు గుండె ఆగినంత పని, తెల్లారేసరికి అడుగున చచ్చి పడుంటుంది. అదీ విబ్రియోనే. ఈ సిగ్నల్‌ని విరగ్గొట్టే ఎంజైమ్ ఉందంటగా?

విబ్రియో_వాణి: ఉందండీ, లాక్టోనేజ్. కానీ మీ ట్యాంకులో మెరిసే విబ్రియో హార్వేయి మూడు సిగ్నళ్లు వాడుతుంది, లాక్టోనేజ్ ఏహెచ్ఎల్‌నే విరుస్తుంది, ఏఐ-2 అనే ఇంకో సిగ్నల్‌ని ముట్టుకోదు.

సుధ_బయోటెక్: మీడియం ఎల్‌బీనే, అందరూ వాడేదే కదా అని రాయలేదు. పీహెచ్ ఇప్పుడే చూశా, 8.7!

అగార్‌ప్లేట్: అదే కారణం. ఎల్‌బీలో చక్కెర దాదాపు ఉండదు, ఈ.కోలై అమైనో ఆమ్లాలు తిని అమ్మోనియా వదులుతుంది, పీహెచ్ ఎక్కుతుంది, ఏహెచ్ఎల్ అణువులోని లాక్టోన్ వలయం తెరుచుకుంటుంది, ఇక లక్స్‌-ఆర్ దాన్ని గుర్తుపట్టదు. ఆ సూపర్‌నేటెంట్‌నే హెచ్‌సీఎల్ యాసిడ్‌తో పీహెచ్ 2కి దింపి ఒక రోజు ఉంచి (వలయం తిరిగి మూసుకుంటుంది), మళ్లీ 7కి తెచ్చి పోయండి. వెలిగితే సెండర్ బాగున్నట్టే. ఆ తర్వాత పీహెచ్ ఎక్కకుండా పట్టి ఉంచే మోప్స్ బఫర్ వేసి పెంచండి. గ్లూకోజ్ జోలికి పోకండి, లక్స్ జీన్లకి సీఆర్‌పీ అనే ప్రోటీన్ కావాలి, గ్లూకోజ్ ఉంటే అది సరిగా పనిచేయదు. కిల్ సర్క్యూట్‌కీ ఇదే ముఖ్యం: 2004లో యూ, ఆర్నాల్డ్ బృందం జనాభాని పెంచడానికీ తగ్గించడానికీ పీహెచ్‌నే వాడుకుంది.

పాత_మాస్టారు: అయినా కోరం సంగతి తేలలేదు.

సుధ_బయోటెక్: మీరన్నట్టే ఒక రోజు ఉంచాక యాసిడ్ పెట్టిన ట్యూబ్ వెలిగింది!! థ్యాంక్సండీ, మోప్స్ తూకం వేసుకోవాలి, వెళ్తున్నా.