వెరిటో లెన్సుకు ఫోకస్ ఎక్కడ నిలపాలి? 5×7 కెమెరాతో సాఫ్ట్ ఫోకస్ ప్రయత్నాలు

ప్రశ్న (హైదరాబాదు నుంచి)

మిత్రులకు నమస్కారం. నా 5×7 అంగుళాల చెక్క కెమెరాకు ఈ మధ్యనే వోలెన్‌సాక్ వెరిటో లెన్సు ఒకటి సంపాదించాను. పదకొండున్నర అంగుళాల ఫోకల్ లెంగ్త్, ఎఫ్/4 ఎపర్చర్ (వెలుగు వచ్చే రంధ్రం; ఎఫ్ అంకె పెరిగేకొద్దీ అది చిన్నదవుతుంది). అమెరికాలోని రాచెస్టర్‌లో తయారై, ఒకప్పుడు అక్కడి పోర్ట్రెయిట్ స్టూడియోలలో విరివిగా వాడిన లెన్సు ఇది. పూర్తిగా తెరిచినప్పుడు గ్రౌండ్ గ్లాసు (కెమెరా వెనుక బొమ్మ పడే గరుకు అద్దం) మీద బొమ్మ చూడముచ్చటగా ఉంది కానీ, ఫోకస్ కుదిరిందని ఖాయంగా చెప్పగలిగే చోటు మాత్రం దొరకడం లేదు. లూప్ (చిన్న భూతద్దం) పెట్టి చూస్తే ఒక చోట కనురెప్పల వెంట్రుకలు సన్నని గీతలుగా తేలి, వాటి చుట్టూ దట్టమైన వెలుగుపొర కనిపిస్తోంది. బెలోస్ (లెన్సుకూ గ్లాసుకూ మధ్య ఉండే మడతల తిత్తి) కాస్త లోపలికి జరిపితే ఆ పొర పలచబడుతోంది, గీతలు కూడా కరిగిపోతున్నాయి. ఈ రెండింటిలో దేన్ని ఫోకస్ అనుకోవాలి?

మరొక సందేహం కూడా ఉంది. ఇలాంటి లెన్సు కొనలేని స్నేహితుడొకరు క్లోజప్ ఫిల్టరునే (దగ్గరి ఫొటోల కోసం లెన్సు ముందు తగిలించే ఒంటి గాజు) లెన్సుగా బిగించి చూడాలనుకుంటున్నారు. మేమిద్దరం వాడేది ఆకుపచ్చ కాంతికి స్పందించే ఎక్స్‌రే ఫిల్ము.

జవాబు (గుంటూరు నుంచి)

గీతలు తేలిన చోటే ఫోకస్ నిలపండి, చుట్టూ వెలుగుపొర ఎంత ఉన్నా సరే. లెన్సు అంచుల గుండా వచ్చే కిరణాలు మధ్యలోంచి వచ్చే కిరణాల కంటే లెన్సుకు దగ్గరగా కలుసుకుంటాయి; స్ఫెరికల్ ఎబరేషన్ అనే ఈ లోపాన్ని మామూలు లెన్సుల్లో సరిదిద్దుతారు, వెరిటోలో కావాలనే మిగిల్చారు. మీకు కనిపించిన గీతలు మధ్య కిరణాలు గీసినవి, పొర అంచు కిరణాలు పరిచినది. సాఫ్ట్ ఫోకస్ అంటే గట్టి బొమ్మ మీద వెలుగు పరుచుకోవడమే గాని, బొమ్మే చెదిరిపోవడం కాదు.

ఇందులో ఒక చిక్కుంది. పొర పలచబడిన చోట ఫోకస్ పెట్టి, తర్వాత ఎఫ్/8కు మూస్తే, అంచు కిరణాలు ఆగిపోయి మధ్య కిరణాలే మిగులుతాయి గనుక కంటి మీద పెట్టిన ఫోకస్ వెనక్కు, చెవి వైపు జారుతుంది. అందువల్ల ఏ ఎపర్చర్‌తో ఫొటో తీయబోతున్నారో అదే ఎపర్చర్‌లో ఫోకస్ చేయాలి. గ్లాసు చీకటిగా ఉంటే నల్లగుడ్డ ఇంకాస్త దగ్గరగా లాక్కోవడమే. నా అభిప్రాయంలో వెరిటోకు ఎఫ్/4 మితిమీరిన మెత్తదనం, ఎఫ్/5.6కు అటూ ఇటూ ముఖాలకు చాలా బాగుంటుంది, ఎఫ్/8 దాటాక అది దాదాపు మామూలు లెన్సే. ఈ జాతి లెన్సుల్లో వెనుక నేపథ్యం మృదువుగా కరిగినా, ఫోకస్‌కు ముందున్నవి మొరటుగా కనిపిస్తాయి. కూర్చున్నవారి చేతులు కెమెరా వైపు చాచకుండా చూసుకోండి.

జవాబు (విశాఖపట్నం నుంచి)

క్లోజప్ ఫిల్టరు సంగతి నేను చెబుతాను. +4 డయాప్టర్ (గాజు శక్తికి కొలత) ఫిల్టరు అంటే 250 మిల్లీమీటర్ల ఫోకల్ లెంగ్త్ ఉన్న లెన్సు. రెండు మీటర్ల దూరంలో కూర్చున్న మనిషికి బెలోస్ సుమారు 286 మిల్లీమీటర్లు సాగాలి, అందుకు ఎక్స్‌పోజర్ అర స్టాప్ కంటే కొంచెం తక్కువ పెంచాలి (ఒక స్టాప్ అంటే వెలుగు రెట్టింపు). పుటాకార వైపు మనిషికి ఎదురుగా ఉండాలి, నల్ల అట్టలో కోసిన రంధ్రం దానికి ముందు రావాలి. 1812లో ఆంగ్ల శాస్త్రవేత్త వొలాస్టన్ సూచించిన అమరికే ఇది. 45 మిల్లీమీటర్ల రంధ్రం ఎఫ్/5.6కు, 31 మిల్లీమీటర్లది ఎఫ్/8కు సరిపోతుంది.

అయితే ఒంటి గాజులో రంగుల లోపం కూడా ఉంటుంది. మన కన్ను పసుపు–ఆకుపచ్చ కాంతిని బట్టి ఫోకస్ చూస్తే, ఎక్స్‌రే ఫిల్ము నీలాన్ని కూడా గట్టిగా పట్టుకుంటుంది. ఆ నీలం కొన్ని మిల్లీమీటర్లు లెన్సుకు దగ్గరగా కలుసుకుంటుంది. పాతకాలం వాళ్ళు గ్లాసు మీద ఫోకస్ చేశాక బెలోస్‌ను కొలత ప్రకారం కొంచెం మూసేవారు. దానికంటే పసుపు ఫిల్టరు పెట్టి నీలాన్ని ఆపడం నాకు తేలిక అనిపిస్తుంది. ఒక స్టాప్‌కు పైగానే వెలుగు పోతుంది, ముందుగా ఒక షీటుతో పరీక్షించుకోమనండి. ఇక షట్టర్ కోసం వెతకనక్కర్లేదు: పసుపు ఫిల్టరు పెట్టాక ఇంటి లోపలి కిటికీ వెలుతురులో ఎక్స్‌పోజర్ సాధారణంగా సెకను దాటుతుంది, లెన్సు మూత తీసి మళ్ళీ పెట్టడమే చాలు.

ప్రశ్నించినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. మరి లైటింగ్ సంగతి? మేఘావృతమైన రోజున వరండాలో కూర్చోబెడితే సరిపోతుందా?

జవాబు (గుంటూరు నుంచి)

సరిపోదు, బొమ్మ చప్పగా వస్తుంది. వెలుగుపొర పుట్టేది హైలైట్ల (బాగా వెలిగే భాగాల) నుంచి, కనబడేది పక్కన నీడ ఉన్నప్పుడే. వెనుక పక్క నుంచి వెలుగు జుట్టు మీద పడాలి, నేపథ్యం ముదురుగా ఉండాలి. జడలో మల్లెపూలు, చీర జరీ అంచు ఉంటే ఈ లెన్సు పనితనమంతా అక్కడే తెలుస్తుంది. పొర నీడల్లోకి పాకి కాంట్రాస్టును తగ్గిస్తుంది కాబట్టి ముఖం మీది ఫిల్ లైటును (నీడలను నింపే వెలుగును) మామూలు కంటే తగ్గించండి. ఎక్స్‌పోజర్ మాత్రం అతిగా ఇవ్వకండి, మల్లెలు తెల్లటి ముద్ద అవుతాయి. ఎరుపును చూడని ఫిల్ము కాబట్టి పెదవులు, చామనఛాయ చర్మం ముదురుగా వస్తాయని కూడా గుర్తుంచుకోండి.

నెగటివ్ నుంచి ప్రింటు వేసే ఎన్‌లార్జరు కింద మెత్తని గుడ్డ అడ్డుపెట్టినా ఇదే ఫలితం వస్తుందని కొందరు అంటారు, నేను ఒప్పుకోను. అక్కడ వెలుగు ఎక్కువగా దాటేది నెగటివ్‌లోని పలచని భాగాల గుండా, అంటే నీడల గుండా. అందుచేత ప్రింటులో నలుపే తెలుపులోకి పాకుతుంది.

జవాబు (విశాఖపట్నం నుంచి)

ఆ మాట నిజమే. వెరిటో తర్వాత మరో లెన్సు చూడాలనుకుంటే రోడెన్‌స్టాక్ ఇమాగన్ సంగతి ఆలోచించండి. చిత్రకళా ధోరణి ఫొటోగ్రాఫరు హైన్రిఖ్ క్యూన్ ప్రమేయంతో రూపొందిన ఆ లెన్సుతో జల్లెడలాంటి పళ్ళేలు వస్తాయి. మధ్య రంధ్రం గట్టి బొమ్మను ఇస్తే, చుట్టూ ఉన్న చిన్న రంధ్రాలు పొరను కలుపుతాయి, పళ్ళెం తిప్పితే ఆ చిన్నవి తెరుచుకోవడమో మూసుకోవడమో జరుగుతుంది. కొనేముందు మాత్రం పళ్ళేలు లెన్సుతో పాటు ఉన్నాయో లేదో అడగండి. అవి లేకుండా అమ్మకానికి వచ్చేవి ఉన్నాయి, విడిగా దొరకడం కష్టం.