‘కోటి దండాలు’ బొంబాయి వెళ్ళి ‘సలామ్’ ఎందుకైంది?

వాల్తేరు:
‘మరో చరిత్ర’ (1978)లో ఆత్రేయ గారి ‘పదహారేళ్ళకు నీలో నాలో’ పల్లవి ‘కోటి దండాలు, శతకోటి దండాలు’ అని ముగుస్తుంది. బాలచందర్ గారు అదే కథను 1981లో హిందీలో ‘ఏక్ దూజే కే లియే’గా తీశారు. అందులో ఈ పాటకు జోడుగా ఆనంద్ బక్షీ రాసింది ‘సోలహ్ బరస్ కీ బాలీ ఉమర్ కో సలామ్’. దండాన్ని సలామ్ చేయడం సరైన అనువాదమేనంటారా? ‘ప్రణామ్’ అనకపోవడం మాత్రలు కుదరకేనా? ఛందస్సు తెలిసినవాళ్ళూ హిందీ తెలిసినవాళ్ళూ ఇద్దరూ చెప్పండి.

తేటగీతి:
ముందు ఒక మాట. అది అనువాదం కాదండీ. తెలుగు సినిమాకు సంగీతం ఎం.ఎస్. విశ్వనాథన్, హిందీకి లక్ష్మీకాంత్-ప్యారేలాల్. బాణీలు కొత్తగా కట్టారు. కాబట్టి బక్షీకి తెలుగు పాట అక్షరాల మీద అక్షరాలు పెట్టాల్సిన బాధ లేదు. ఆయన చేతికి అందింది సన్నివేశం మాత్రమే. ఆ దృష్టితో చూడాలి.

మాత్రల లెక్కకు వద్దాం. లఘువు 1, గురువు 2.

పదహారేళ్ళకు: ప, ద లఘువులు, హా, రే గురువులు, ళ్ళ, కు లఘువులు. మొత్తం 8. నీలో 4, నాలో 4. పాదానికి సరిగ్గా 16 మాత్రలు. పదహారేళ్ళ పాటకు పదహారు మాత్రలు పడటం అనుకుని చేసిందో కాదో గాని, వినడానికి ముచ్చటగా ఉంది.

రెండో పాదం ‘ఆ ప్రాయం చేసే చిలిపి పనులకు’. ఇందులో మొదటి ‘ఆ’ను ఎత్తుగడగా పక్కన పెడితే ‘ప్రాయం చేసే’ 8, ‘చిలిపి పనులకు’ 7. ఒక మాత్ర సాగదీస్తే మళ్ళీ 16. ‘చిలిపి పనులకు’ అన్నీ లఘువులే, వరసగా ఏడు. అప్పటిదాకా గురువుల మీద నిదానంగా నడిచిన పాట ఆ చోట గెంతులేస్తుంది. చిలిపితనం అర్థంలో కంటే ముందు నడకలోనే వినిపిస్తుంది. ఆ వెంటనే ‘కోటి దండాలు’ 3+5, ‘శతకోటి దండాలు’ 5+5. గెంతిన పిల్ల ఆగి చేతులు జోడించినట్టు.

‘వందనాలు’ అని ఎందుకు అనలేదో కూడా ఇక్కడే తెలుస్తుంది. దండాలు 5 మాత్రలు, వందనాలు 6. ఆ ఒక్క మాత్రను ఎక్కడో సర్దుకోవచ్చు. కానీ ‘శతకోటి వందనాలు’ అంటే సన్మానసభ వేదిక గుర్తొస్తుంది. ‘దండాలు’ ఇంట్లో నోట పలికే మాట.

కాచిగూడ:
హిందీ వైపు నేను చెబుతాను. తెలుగు లిపిలో హిందీ పాట రాసుకుని మాత్రలు లెక్కపెట్టేవాళ్ళు దాదాపు అందరూ పడే పొరపాటు ఒకటుంది. ‘సలాం’ అని సున్నతో రాస్తే మన లెక్కలో స 1, లాం 2, మొత్తం 3. హిందీ లెక్కలో అది స-లా-మ, అంటే 1+2+1, మొత్తం 4. చివరి హల్లు మామూలు మాటలో అచ్చు లేకుండా పలికినా లెక్కలో దానికి చోటుంటుంది. అందుకే ఇక్కడ ‘సలామ్’ అని పొల్లుతో రాసుకోవడం మంచిది.

ఇప్పుడు పాదం: సోలహ్ 4, బరస్ 3, కీ 2, బాలీ 4, ఉమర్ 3, కో 2, సలామ్ 4. మొత్తం 22. రెండో పాదం ‘ఏ ప్యార్ తేరీ పహలీ నజర్ కో సలామ్’: ఏ 2, ప్యార్ 3, తేరీ 4, పహలీ 4, నజర్ 3, కో 2, సలామ్ 4. ఇదీ 22. తూకం వేసినట్టు సరిపోయాయి. వచనంలో ‘ఉమ్ర్’ అనే మాటను ‘ఉమర్’ చేసింది నజర్‌తో ప్రాస కలవడానికి. ఉమర్-నజర్ కాఫియా (ప్రాస), ‘కో సలామ్’ రదీఫ్ (ప్రాస తర్వాత మళ్ళీ మళ్ళీ వచ్చే మాట). గజల్ మత్లాకు, అంటే మొదటి ద్విపదకు, ఉండే కట్టు ఇది.

మీ అసలు ప్రశ్న: ‘ప్రణామ్’ ఎందుకు కాదు? మాత్రలు కుదరక కాదు. ప్ర-ణా-మ కూడా 1+2+1. అదే తూకం, అదే ‘ఆ’, అదే ‘మ్’. చెరిపి రాసుకోవచ్చు. కాబట్టి సలామ్ అన్నది ఛందస్సు బలవంతం కాదు, కవి కావాలని ఎంచుకున్న మాట. హిందీలో ప్రణామ్ పెద్దలకు, గురువులకు, దేవుడికి. పదహారేళ్ళ వయసుకు ప్రణామ్ అంటే పూజగదిలో పాడుతున్నట్టు ఉంటుంది. ‘దండవత్’ అనే మాట వాళ్ళకూ ఉంది, అది ఇంకా పూజారి భాష. సలామ్‌కు ఆ బరువు లేదు. అందానికి, జ్ఞాపకానికి, దూరమైన ఊరికి కూడా సలామ్ చెప్పడం ఉర్దూ పాటకు అలవాటు.

వాల్తేరు:
మన దండం కూడా దేవుడికి పెట్టేదే కదా? మరి అది ప్రేమపాటలో ఎలా ఇమిడింది?

తేటగీతి:
దండం మాట పుట్టింది దండప్రణామం నుంచే, కర్రలాగా నేలమీద సాగిలపడటం. కానీ తెలుగులో దాని పరిధి చాలా పెరిగింది. గుళ్ళో దేవుడికి దండం, దారిలో ఎదురైన పెద్దాయనకు ‘దండాలయ్యా’. విసుగొస్తే ‘నీకో దండం రా బాబూ, వదిలెయ్’. ఈ మూడోది మరిచిపోకూడదు. పాటలో దండం పెట్టింది వయసుకు కాదు, ఆ వయసు చేసే చిలిపి పనులకు. అంటే మొక్కుతూనే ‘ఇక నీతో వేగలేను’ అని మురిసిపోవడం. భక్తి, మురిపెం, వేడుకోలు మూడూ ఆ మాటలో ఉన్నాయి. ‘దండాలు’ అని బహువచనం, పైన కోటి, దానిపైన శతకోటి. లెక్క పెరిగేకొద్దీ గంభీరత తగ్గి అల్లరి పెరుగుతుంది.

పల్లవి చివర దీన్ని ఇలా నిలపడం శతకంలో మకుటం లాంటి పని. ఏం చెప్పినా చివరికి అక్కడికే రావాలి. హిందీలో ఆ పనిని రదీఫ్ చేస్తోంది. నా ఉద్దేశంలో బక్షీ తెలుగు పాట నుంచి తీసుకున్నది మాటను కాదు, మకుటం ఉన్న స్థానాన్ని.

కాచిగూడ:
దీనికి ఒకటి చేర్చాలి. దండాలు, సలామ్: రెండింటిలోనూ చివరి దీర్ఘం ‘ఆ’. మనది అజంత భాష (మాటలు అచ్చుతో ముగిసేది) కాబట్టి ‘డా’ మీద సాగదీసి ‘లు’ను పొట్టిగా వదలాలి. ‘లు’ను పొడిగిస్తే ‘లూ’ అయి పాట పాడైపోతుంది. హిందీలో ‘లా’ మీద సాగదీసి ‘మ్’తో పెదవులు మూస్తారు. ఆ మూసిన ‘మ్’ మీద కూడా స్వరం కొంచెంసేపు నిలుస్తుంది. ఆ సదుపాయం మన ‘లు’కు లేదు. డబ్బింగు పాటలు రాసేవాళ్ళకు రోజూ తగిలే చిక్కు ఇదే.

పోయింది కూడా చెప్పాలి కదా. ‘చిలిపి’ పోయింది. శరారత్, నట్‌ఖట్ దగ్గరి మాటలే గాని ఆ ముద్దు లేదు. దాని బదులు ‘బాలీ ఉమర్’ వచ్చింది. బాలీ అంటే ఇక్కడ చెవికి పెట్టుకునే రింగు కాదు, ధాన్యం కంకీ కాదు. లేత, పసి అని. ఉమర్ స్త్రీలింగం కనుక ‘బాలీ’.

లఘువు:
మాటలు వదిలి పని మాత్రమే దాటిన దానికి ఇదే సినిమాలో ఇంతకన్నా గొప్ప ఉదాహరణ ఉంది. ‘ఏ తీగ పూవునో’ పక్కన ‘తేరే మేరే బీచ్ మే’ పెట్టి చూడండి.

తెలుగు: ఏతీగ 5, పూవునో 5, ఏకొమ్మ 5, తేటినో 5. తర్వాతి పాదం కలిపింది 5, ఏవింత 5, అనుబంధ 5, మౌనో 4, ఒక మాత్ర విరామం. అంతా ఐదు మాత్రల ఖండగతి. హిందీ (‘బీచ్ మే’, ‘అన్‌జానా’ పక్కన పెడితే): తేరే 4, మేరే 4, కైసా 4, హై యే 4, బంధన్ 4. నాలుగు మాత్రల నడక. అంటే నడకే మారిపోయింది.

అసలు సంగతి ‘ఓ’లో ఉంది. పూవునో, తేటినో, ఔనో. ఒక్క ‘ఓ’ ప్రత్యయంతో తెలుగు ‘నాకు తెలియదు’ అని చెప్పేస్తుంది. వేరే క్రియ అక్కర్లేదు. అనుబంధము + ఔనో, ఉత్వసంధితో ‘అనుబంధమౌనో’. హిందీకి ఇలాంటి ప్రత్యయం లేదు. అందుకని బక్షీ ఆ తెలియనితనాన్ని విశేషణంలో పెట్టాడు, ‘బంధన్ అన్‌జానా’ అని. అది చాలదని క్రియలోనూ పెట్టాడు, ‘మైనే నహీ జానా, తూనే నహీ జానా’ అని. మన ఒక్క అచ్చు చేసిన పనికి అక్కడ ఒక పాదం ఖర్చయింది. కానీ ఆ పాదమే జనం నోట నిలిచింది. ఈ పాటకే బక్షీకి ఫిలింఫేర్ వచ్చింది. ఆ సినిమా పాటలకు బాలు గారికి జాతీయ పురస్కారం వచ్చింది. తీగ, కొమ్మ, తుమ్మెద మాత్రం వైజాగ్‌లోనే ఉండిపోయాయి.

వాల్తేరు:
సినిమా పేర్లతో కట్టిన పాట సంగతేమిటి?

లఘువు:
అది అసలు దాటించలేనిది. ‘కలసి ఉంటే కలదు సుఖము’ అనే పాటలో మన సినిమా పేర్లున్నాయి. హిందీవాడికి అవి పేర్లని కూడా తెలియదు. కాబట్టి ఆలోచన ఒక్కటే ఉంచుకుని సరుకంతా కొత్తది తెచ్చారు: మేరే జీవన్ సాథీ, ప్యార్ కియే జా, జవానీ దీవానీ, ఖూబ్‌సూరత్, జిద్దీ, పడోసన్. వీటిలో ‘ప్యార్ కియే జా’ (1966) తమిళ ‘కాదలిక్క నేరమిల్లై’కి రీమేక్. మనకది ‘ప్రేమించి చూడు’.

తేటగీతి:
బాణీ మారకపోతే పరిస్థితి వేరు. ‘సఖి’ పాటలు హిందీ రీమేక్ ‘సాథియా’ (2002)లోకి వెళ్ళినప్పుడు రెహమాన్ బాణీలు చాలావరకు అలాగే ఉన్నాయి. ‘స్నేహితుడా’ 2+1+1+2, ఆరు మాత్రలు. గుల్జార్ అక్కడ పెట్టింది ‘చుప్‌కే సే’ 2+2+2, ఆరే. మన ‘హితు’ రెండు లఘువుల చోటును ‘కే’ ఒక్క గురువు నింపింది. తూకం తప్పలేదు, కానీ పిలుపు పోయింది. సంబోధన ఉన్నచోట క్రియావిశేషణం వచ్చింది. అక్కడ అక్షరాలు కాపాడి అర్థం వదిలారు. బక్షీ అక్షరాలు వదిలి స్థానం కాపాడాడు. నేనైతే రెండోదే కష్టమంటాను, ఎందుకంటే పట్టుకోవడానికి చేతిలో కొలత ఏదీ ఉండదు.

వాల్తేరు:
చివరిగా ఒకటి. ‘పదహారేళ్ళకు’ సరైనదా, ‘పదహారేండ్లకు’నా?

తేటగీతి:
రెండూ సరైనవే. ‘ఏడు’ బహువచనం ఏండ్లు, ఏళ్ళు. పదహారు + ఏళ్ళు, ఇదీ ఉత్వసంధే. ‘ళ్ళ’ అయినా ‘ండ్ల’ అయినా ముందు అక్షరం గురువే, లెక్క మారదు. పాటలో మాత్రం ‘ఏళ్ళ’ అనే రాయండి, ఆత్రేయ రాసింది అదే.